పుర్రె అడుగున మెనింజియోమా: గడ్డ పేరు ఒక్కటే, చోటు మారితే జబ్బే వేరు

క్లుప్తంగా

మెదడును చుట్టి ఉండే పొరల నుంచి పుట్టే గడ్డను మెనింజియోమా అంటారు. వీటిలో ఎక్కువ భాగం క్యాన్సర్ కాదు. అయినా పుర్రె అడుగున పుట్టినవి చూపునో, వినికిడినో, మింగే శక్తినో దెబ్బతీస్తాయి, పూర్తిగా తీయడానికీ లొంగవు. వైద్యులు వీటిని మూడు కొలతలతో విడదీస్తారు: ఎక్కడ వేళ్లూనింది, కణాలు ఎలాంటివి, ఆపరేషన్‌లో ఎంత తీయగలిగారు. రోగుల్లో గందరగోళమంతా ఈ మూడింటినీ ఒకటే అనుకోవడం వల్ల వస్తోంది. పుర్రె అడుగు విషయంలో మొదటి కొలత, అంటే చోటు, మిగతా రెండింటినీ చాలావరకు శాసిస్తుంది.

ఒకే ఫైలులో రెండు గ్రేడ్లు

డిశ్చార్జి సమ్మరీలో ఒక పేజీలో ‘డబ్ల్యూహెచ్‌ఓ గ్రేడ్ 1’ అని ఉంటుంది. రెండు పేజీలు తిప్పితే ‘సింప్సన్ గ్రేడ్ 4’ అని కనిపిస్తుంది. మొదటిది చూసి ఊపిరి పీల్చుకున్న కుటుంబం రెండోది చూసి బెంబేలెత్తిపోతుంది. నాలుగు అంటే నాలుగో స్టేజీ అనుకుని, రిపోర్టు ఫొటోలు వాట్సాప్‌లో పంపి, బంధువుల్లో డాక్టరెవరైనా ఉన్నారా అని ఆరా తీయడం మొదలవుతుంది.

ఈ రెండంకెలకూ ఒకదానితో ఒకటి పోలిక లేదు. మొదటిది గడ్డ కణాల స్వభావాన్ని చెబుతుంది, దాన్ని తేల్చేది సూక్ష్మదర్శిని. రెండోది సర్జన్ ఎంత తీశారో, ఎంత వదిలారో చెబుతుంది. స్టేజీ అన్న మాట మెనింజియోమాకు అసలు వర్తించదు. రొమ్ము క్యాన్సర్‌లోనో, నోటి క్యాన్సర్‌లోనో జబ్బు ఎంత దూరం పాకిందో చెప్పే లెక్క అది. కణాలపరంగా అత్యంత సాధువైన గడ్డ కూడా పూర్తిగా తీయలేని చోట కూర్చుంటే గ్రేడ్ 1, గ్రేడ్ 4 పక్కపక్కనే కనిపించడంలో వింతేమీ లేదు. పుర్రె అడుగున అది తరచూ జరిగేదే.

ఈ గడ్డలకు పేరు కుదరడానికే చాలా కాలం పట్టింది. 18వ శతాబ్దపు ఫ్రెంచ్ సర్జన్ ఆంట్వాన్ లూయీ వీటిని మెదడు పొర మీద మొలిచిన పుట్టగొడుగుల్లా వర్ణించాడు. జర్మన్ పాథాలజిస్టు రుడాల్ఫ్ ఫిర్కో వీటిలోని సున్నపు రేణువులను చూసి, ఇసుక అనే అర్థమొచ్చే గ్రీకు మాటతో ‘సామోమా’ అన్నాడు. కణాలను బట్టి పేరు పెట్టబోయిన ప్రతివారూ మరొకరితో విభేదించారు. 1922లో అమెరికన్ న్యూరోసర్జన్ హార్వే కుషింగ్ ఆ తగాదాను పక్కనపెట్టి, ఏ పొరల నుంచి పుట్టిందో దాని పేరే పెట్టి మెనింజియోమా అన్నాడు. 1938లో లూయీస్ ఐసెన్‌హార్ట్‌తో కలిసి తెచ్చిన బృహద్గ్రంథంలో గడ్డలు పుట్టే చోట్లను బట్టి వాటిని వర్గీకరించాడు. నేటి ఎంఆర్ఐ రిపోర్టులో కనిపించే ‘స్ఫినాయిడ్ వింగ్’, ‘ఆల్ఫాక్టరీ గ్రూవ్’ లాంటి మాటలు ఆ పద్ధతికి కొనసాగింపే.

మూడు పొరలు, మూడు మెట్లు, బోలెడన్ని కన్నాలు

ఇంటర్ పుస్తకంలో వరాశిక, లౌతికళ, మృద్వి అని చదువుకున్న మూడు పొరలే ఆస్పత్రిలో డ్యూరా, అరాక్నాయిడ్, పయా అవుతాయి. డ్యూరా మందపాటి తోలులా ఎముకకు అంటుకుని ఉంటుంది. పయా మెదడు ముడతల్లోకి దిగిపోయి ఉంటుంది. నడుమ ఉన్నది అరాక్నాయిడ్, సాలెగూడులాంటి పలుచని పొర. మెనింజియోమా పుట్టేది ఈ నడిమి పొరలోని టోపీ కణాల నుంచి. కానీ గడ్డ వేరు పాతుకునేది డ్యూరాలో, రక్తం పీల్చుకునేదీ ఎక్కువగా డ్యూరా నాళాల నుంచే. సర్జరీకి ఇదే కీలకం: గడ్డకూ మెదడుకూ మధ్య అరాక్నాయిడ్ చెక్కుచెదరకుండా మిగిలి ఉంటే, పనసతొనను తొక్క నుంచి వేరు చేసినట్టు గడ్డను విడదీయవచ్చు. ఆ పొర లేకపోతే గడ్డ నేరుగా నరానికో ధమనికో అతుక్కుంటుంది.

పుర్రెను ఇల్లనుకుంటే పైభాగం నున్నటి గుమ్మటం. అక్కడ గడ్డ పుడితే ఎముక తెరిచి, గడ్డతో పాటు చుట్టూ ఉన్న డ్యూరాను కూడా గుండ్రంగా కోసి తీసేయవచ్చు. అడుగుభాగం అలా ఉండదు. అది మూడు మెట్లుగా ముందు నుంచి వెనక్కి దిగుతుంది. కళ్ల పైన ఉండేది ముందు మెట్టు, దాని మీద మెదడు ముందు తమ్మెలు ఆనుకుంటాయి. కణతల లోపల ఉండేది మధ్య మెట్టు. అన్నిటికన్నా లోతైన వెనక మెట్టులో చిన్నమెదడు, మెదడు కాండం ఉంటాయి. మొదటి రెండు మెట్ల నడుమ గట్టులా ఉండేది స్ఫినాయిడ్ ఎముక రెక్క. తర్వాతి రెండింటి నడుమ గట్టు చెవి ఎముకలోని పీట్రస్ భాగం.

ఈ అడుగంతా కన్నాలే. వాసన నరాల పోగులు జల్లెడలాంటి ఎముక పలకలోంచి ముక్కులోకి దిగుతాయి. కంటి నరం తన కాలువలోంచి వెళుతుంది. కంటిగుడ్డును తిప్పే నరాలు దాని పక్కనున్న చీలికలోంచి, ముఖానికి స్పర్శనిచ్చే త్రిధార నాడి కొమ్మలు వేర్వేరు దారుల్లోంచి, వినికిడి నరమూ ముఖ నరమూ కలిసి ఒకే సొరంగంలోంచి, మింగడానికీ మాటకూ పనికొచ్చే నరాలు జుగులార్ కన్నంలోంచి పోతాయి. వెన్నుపాము మహారంధ్రం గుండా కిందికి జారుతుంది. మెదడుకు రక్తం తెచ్చే కెరోటిడ్, వెర్టిబ్రల్ ధమనులు రెండు పక్కలా ఈ అడుగునే దాటి లోపలికి రావాలి. స్లాబు వేసేముందే పైపులూ వైర్లూ పరిచిన ఇంట్లో స్లాబులోనే తెగులు మొదలైతే ఎలా ఉంటుందో, ఇక్కడ డ్యూరాలో గడ్డ పుడితే అలా ఉంటుంది.

ముందు మెట్టు: వాసన పోయినట్టే తెలియదు

ముక్కుపైన జల్లెడ పలక దగ్గర పుట్టేది ఆల్ఫాక్టరీ గ్రూవ్ మెనింజియోమా. ఇది ఎంత పెద్దదయ్యాక బయటపడుతుందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. పైన ఉన్న ముందు తమ్మెలు మెత్తగా వెనక్కి తగ్గుతూ చోటిస్తాయి, గడ్డ నిమ్మకాయంత దాటి బత్తాయంత అయినా పెద్దగా గోల చేయవు. వాసన మెల్లగా పోతుంది. ఒక్క పక్కే ముందు పోతే రోగికి ఆ సంగతే తెలియదు. పోపు మాడిన వాసన ఇంట్లోవాళ్లు చెబితేగాని తెలియకపోవడం, ఉత్సాహం చచ్చిపోవడం, మాట్లాడే తీరు మారడం లాంటి వాటిని వయసుకో, దిగులుకో కట్టేస్తారు. మానసిక వైద్యుల దగ్గర చాలాకాలం తిరిగాక స్కాన్‌లో గడ్డ కనిపించడం ఈ జబ్బు చరిత్రలో పాత కథే.

చూపు విషయంలో ఇక్కడొక ప్రత్యేక లక్షణం ఉంది. గడ్డ ఉన్న వైపు కంటి నరం నొక్కుకుపోయి పాలిపోతుంది. తలలో ఒత్తిడి పెరగడం వల్ల రెండో కంటి నరం ఉబ్బుతుంది. 1911లో దీన్ని వివరించిన రాబర్ట్ ఫోస్టర్ కెనడీ పేరుతోనే ఈ లక్షణాన్ని పిలుస్తారు. కంటి డాక్టర్ చిన్న లైటుతో కంటి వెనకభాగం చూసి దీన్ని పసిగట్టగలరు.

ఈ గడ్డకు రక్తం ఎక్కువగా కంటి ధమని కొమ్మలైన ఎథ్మాయిడల్ ధమనుల నుంచి వస్తుంది. ఆపరేషన్‌కు ముందు తీగ పంపి గడ్డ రక్తనాళాలను మూసేసే పద్ధతి మిగతా చోట్ల పనికొస్తుంది గానీ, ఇక్కడ పొరపాటు జరిగితే చూపుకే ప్రమాదం. అందుకే దాన్ని దాదాపు వాడరు.

ఓ రెండు మూడు సెంటీమీటర్లు వెనక్కి జరిగితే కథే మారుతుంది. పీయూష గ్రంథి కూర్చునే ఎముక గుంత గుర్రపు జీనులా ఉంటుంది, శాస్త్రజ్ఞులు దానికి ‘టర్కీ జీను’ అని పేరు పెట్టారు. జీనుకు ముందున్న చిన్న గట్టు దగ్గర పుట్టేది ట్యుబర్కులమ్ సెల్లా మెనింజియోమా. రెండు కంటి నరాలు కలిసే కూడలి సరిగ్గా దీని పైనే ఉంటుంది. గడ్డ ఉసిరికాయంత ఉండగానే చూపు మసకబారుతుంది, అదీ ఒక కంట్లో ఎక్కువ, మరో కంట్లో తక్కువ. కళ్లజోడు నంబరు ఎన్నిసార్లు మార్చినా కుదరదు. కొందరిలో శుక్లం ఆపరేషన్ అయ్యాక కూడా చూపు రాకపోతేనే ఎంఆర్ఐ దాకా వెళతారు.

పై రెండింటినీ పక్కపక్కన పెడితే చోటు ఎంత నిర్ణయిస్తుందో తెలుస్తుంది. ఆల్ఫాక్టరీ గడ్డ కంటి నరాలను కిందికీ వెనక్కీ తోస్తుంది, పై నుంచి వచ్చే సర్జన్‌కు ముందు గడ్డ, ఆ తర్వాతే నరాలు ఎదురవుతాయి. ట్యుబర్కులమ్ గడ్డ నరాలను పైకీ పక్కలకూ ఎత్తుతుంది, పై నుంచి వస్తే ముందు నరాలే అడ్డొస్తాయి. రెండో రకానికి ముక్కులోంచి ఎండోస్కోపు పంపి కింది నుంచి చేరే పద్ధతి పెరగడానికి ఇదే కారణం. ఆ దారిలో ఎముకకు, డ్యూరాకు పడిన కన్నం నుంచి మెదడు నీరు కారే ముప్పు ఉంటుంది. ముక్కు నడిమి గోడ నుంచి రక్తనాళంతో సహా పొరను తిప్పి కన్నం మూసే పద్ధతి 2006లో వెలువడ్డాక ఆ ముప్పు బాగా తగ్గింది. గడ్డ పక్కలకు విస్తరించి ధమనులను చుట్టుకుంటే మాత్రం ముక్కు దారి సరిపోదు.

స్కాన్‌లో ఈ గడ్డను పీయూష గ్రంథి గడ్డగా పొరబడే అవకాశం ఉంది. పీయూష గ్రంథి గడ్డ జీను గుంతను లోపలి నుంచి ఉబ్బిస్తుంది. మెనింజియోమాలో గుంత మామూలుగానే ఉండి, గ్రంథి కింద విడిగా కనిపిస్తుంది, గడ్డ అంచు డ్యూరా వెంట తోకలా సాగి ఉంటుంది.

రెక్క, మంచం కోడు, గుహ

స్ఫినాయిడ్ ఎముకను బయటికి తీసి చూస్తే రెక్కలు చాచిన సీతాకోకచిలుకలా ఉంటుంది. దాని చిన్న రెక్క వెంట పుట్టే గడ్డలను కుషింగ్ లోపలివి, నడిమివి, బయటివి అని మూడుగా విడదీశాడు. బయటి చివర, అంటే కణత వైపు ఉన్నవి తలనొప్పి, ఫిట్స్‌తో బయటపడతాయి, తీయడం కొంత సులువు. లోపలికి వెళ్లేకొద్దీ ధమనులూ నరాలూ దగ్గరవుతాయి, పని కష్టమవుతుంది.

బయటి రకాల్లో ఒకటి బంతిలా పెరగక, పరిచిన చాపలా డ్యూరా వెంట పాకుతుంది. దాని కణాలు కింది ఎముకలోకి చొరబడి ఎముకనే మందంగా చేస్తాయి. కంటి గది గోడ లావెక్కి, కన్ను నొప్పి లేకుండా మెల్లగా ముందుకు పొడుచుకొస్తుంది. చాలామంది దాన్ని థైరాయిడ్ లక్షణం అనుకుంటారు. ఇక్కడ ఎంఆర్ఐ కన్నా సీటీ ఎక్కువ చెబుతుంది, ఎందుకంటే అసలు జబ్బు ఎముకలో ఉంది. ఉన్న కాస్త గడ్డను తీసి, లావెక్కిన ఎముకను వదిలేస్తే సగం పని చేసినట్టే.

లోపలి కొసన, జీను చుట్టూ నాలుగు మూలలా ఎముక మొనలు ఉంటాయి. వాటిని క్లినాయిడ్‌లు అంటారు. గ్రీకులో మంచానికి సంబంధించిన మాట అది. నాలుగూ కలిసి మంచం కోళ్లలా కనిపిస్తాయి కనుక ఆ పేరు. ముందు కోడు నుంచి పుట్టే గడ్డలకు 1990లో ఒస్సామా అల్-మెఫ్తీ చేసిన వర్గీకరణ ఈ రంగంలో చాలా పేరున్నది. పై నుంచి చూస్తే ఒకేలా ఉండే గడ్డల్లో కొన్ని కెరోటిడ్ ధమని నుంచి తేలిగ్గా ఊడి రావడం, కొన్ని ఎంత ప్రయత్నించినా రాకపోవడం ఎందుకన్నది ఆయన ప్రశ్న. జవాబు మళ్లీ అరాక్నాయిడ్ పొరలోనే దొరికింది. కెరోటిడ్ ధమని జీను పక్కనున్న సిరల గుహ నుంచి బయటికొచ్చాక ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర దానికి ఆ పొర తొడుగు ఉండదు. గడ్డ ఆ ముందు కోడు అడుగువైపు, సరిగ్గా ఆ చోట పుడితే ధమని గోడకే అతుక్కుంటుంది: ఇది మొదటి రకం. కోడు పైభాగం నుంచో పక్క నుంచో పుడితే పొర మధ్యలో ఉంటుంది, విడదీయవచ్చు: ఇది రెండో రకం. కంటి నరం కాలువ దగ్గర పుట్టి, చిన్నగా ఉండగానే చూపు తగ్గించేది మూడోది. మిల్లీమీటర్ల తేడాతో పుట్టిన రెండు గడ్డల్లో ఒకటి పూర్తిగా వస్తుంది, ఒకటి రాదు. కణాలు రెండింటిలోనూ ఒకటే కావచ్చు.

జీనుకు రెండు పక్కలా ఉన్న సిరల గుహ పేరు కావర్నస్ సైనస్. కంటిగుడ్డును తిప్పే మూడు నరాలూ, త్రిధార నాడి రెండు కొమ్మలూ, నడుమ కెరోటిడ్ ధమనీ ఇంత చిన్న చోటులో సర్దుకుని ఉంటాయి. ఇక్కడి గడ్డ వల్ల మొదట ఒకటి రెండుగా కనబడటం, రెప్ప వాలిపోవడం, నుదురో బుగ్గో మొద్దుబారడం జరుగుతాయి. ధమనితో గడ్డకున్న సంబంధాన్ని 1993 నాటి హిర్ష్ వర్గీకరణ మూడుగా చూస్తుంది: తాకి ఉందా లేక కొంతమేరే చుట్టిందా, పూర్తిగా చుట్టేసిందా, చుట్టి ధమనిని ఇరుకు చేసిందా. 1980లలో, 90లలో ఈ గుహలోకి ధైర్యంగా దిగి మొత్తం తీయాలన్న ఊపు ఉండేది. కంటి కదలికలు పోయిన రోగుల సంఖ్య చూశాక ఆ ఊపు తగ్గింది. ఇప్పుడు ఎక్కువమంది సర్జన్లు గుహ బయటి భాగం తీసి, లోపలి దాన్ని రేడియేషన్‌కు వదిలేస్తున్నారు.

వెనక మెట్టు: లోతైన చోటు

జీను వెనక నుంచి మహారంధ్రం దాకా ఎముక ఏటవాలుగా దిగుతుంది. దీన్ని క్లైవస్ అంటారు, లాటిన్‌లో వాలు అనే అర్థం. ఈ వాలుకూ పీట్రస్ ఎముకకూ అతుకు దగ్గర, త్రిధార నాడికి లోపలి వైపున పుట్టేవి పెట్రోక్లైవల్ మెనింజియోమాలు. పుర్రె అడుగు సర్జరీలో వీటిని అత్యంత కఠినమైనవిగా చెబుతారు. గడ్డ ముందు నుంచి మెదడు కాండాన్నీ దాని ధమనినీ వెనక్కి నెడుతుంది. సర్జన్ ఏ వైపు నుంచి వచ్చినా నరాల సందుల్లోంచే పని చేయాలి. 1970కి ముందు ఆపరేషన్ చేయించుకున్న కొద్దిమందిలో సగానికి పైగా చనిపోయారు. ఆపరేటింగ్ మైక్రోస్కోప్, పీట్రస్ ఎముకను మలచి దారి చేసుకునే పద్ధతులు, నరాల పనిని ఆపరేషన్ సాగుతుండగానే కనిపెట్టే పరికరాలు వచ్చాక మరణాలు బాగా తగ్గాయి. ముఖం వంకర, మింగడంలో ఇబ్బంది లాంటి నష్టాలు మాత్రం ఇంకా అరుదు కాలేదు.

‘త్రిధార నాడికి లోపల’ అన్న షరతును చిన్న విషయంగా తీసుకోకూడదు. అదే పీట్రస్ ఎముక వెనక ముఖం మీద, నాడికి బయట పుట్టిన గడ్డను తీయడం చాలా తేలిక. స్కాన్‌లో రెండూ మూడేసి సెంటీమీటర్లే ఉండొచ్చు. వినికిడి సొరంగానికి ముందు పుట్టిన గడ్డ వినికిడి, ముఖ నరాలను వెనక్కి తోస్తుంది. చెవి వెనక నుంచి తెరిచిన సర్జన్‌కు అవి గడ్డ మీదే పరుచుకుని ఎదురవుతాయి. సొరంగానికి వెనక పుట్టినది వాటిని ముందుకు తోసి, తాను ముందుగా దొరుకుతుంది.

ఇదే మూలలో ఎక్కువగా కనిపించేది మరో గడ్డ, వినికిడి నరపు ష్వానోమా, అంటే నరం తొడుగు నుంచి పుట్టే గడ్డ. అది సొరంగంలో పుట్టి దాన్ని వెడల్పు చేస్తుంది, వినికిడిని ముందుగా తగ్గిస్తుంది. మెనింజియోమా సాధారణంగా సొరంగాన్ని వెడల్పు చేయదు, డ్యూరా మీద వెడల్పుగా కూర్చుంటుంది.

అన్నిటికన్నా కిందిది మహారంధ్రం దగ్గరి గడ్డ. మెనింజియోమాల్లో ఇది నూటికి రెండు మూడే. మెడ వెనక నొప్పితో మొదలవుతుంది, ఎక్స్‌రేలో మెడ పూసల అరుగుదల కనిపిస్తే అదే కారణమనుకుని కాలర్ వేస్తారు. తర్వాత ఒక చేయి, అదే వైపు కాలు, రెండో కాలు, చివరికి రెండో చేయి, ఇలా చుట్టూ తిరిగినట్టు బలహీనత రావడం దీని పాత గుర్తు. ఇక్కడ వర్గీకరణ రెండు విధాలు: గడ్డ వెన్నుపాముకు ముందుందా, పక్కనా, వెనకా అన్నది ఒకటి, వెర్టిబ్రల్ ధమనికి పైనా, కిందా అన్నది మరొకటి. ధమనికి కింద ఉంటే మింగే నరాలు పైకి నెట్టబడి, ఎక్కడుంటాయో ఊహించవచ్చు. పైన ఉంటే అవి ఎటు జరిగాయో గడ్డ తెరిచేదాకా తేలదు.

సూక్ష్మదర్శిని చెప్పేది, జన్యువు చెప్పేది

రెండో కొలత ప్రపంచ ఆరోగ్య సంస్థ గ్రేడ్. 2021 వర్గీకరణలో మెనింజియోమా ఒకే జబ్బు, దానిలో 15 ఉపరకాలు, మూడు గ్రేడ్లు ఉన్నాయి. నూటికి దాదాపు ఎనభై గ్రేడ్ 1. మైక్రోస్కోప్ కింద బాగా పెద్దదిగా చేసి చూసిన పది దృశ్యాల్లో కలిపి విభజన చెందుతున్న కణాలు 4 నుంచి 19 దాకా కనిపించినా, గడ్డ మెదడులోకే చొరబడినా గ్రేడ్ 2. 20 గానీ అంతకు మించి గానీ ఉంటే గ్రేడ్ 3. కొన్ని జన్యు మార్పులు, ముఖ్యంగా టెర్ట్ ప్రమోటర్ మార్పు, సీడీకేఎన్2ఏ/బీ జన్యువు రెండు ప్రతులూ పోవడం, కణాలు చూడ్డానికి ఎలా ఉన్నా గ్రేడ్ 3గానే పరిగణించేలా చేస్తాయి. పుర్రె అడుగున గ్రేడ్ 2, 3 గడ్డలు పైకప్పు మీద కన్నా తక్కువ. రోగికి ఇది మంచి వార్తే.

కుషింగ్ నాటి చోటు వర్గీకరణ కేవలం సర్జన్ల సౌకర్యం కోసమే అనుకునేవారు. 2013 నుంచి వచ్చిన జన్యు పరిశోధనలు దాన్ని తిరగేశాయి. 22వ క్రోమోజోమ్ మీది ఎన్‌ఎఫ్2 జన్యువు చెడినవి ఎక్కువగా పుర్రె పైభాగంలో, అడుగున అయితే వెనక, పక్క భాగాల్లో పుడతాయి. ముందు, మధ్య మెట్ల నడిమిభాగంలో పుట్టేవాటిలో ఎన్‌ఎఫ్2 చాలాసార్లు బాగానే ఉంటుంది; ట్రాఫ్7, ఏకేటీ1, కేఎల్ఎఫ్4 లాంటి వేరే జన్యువులు మారి ఉంటాయి. ఎస్ఎమ్ఓ మార్పు ఆల్ఫాక్టరీ గ్రూవ్‌లో, పీఓఎల్ఆర్2ఏ మార్పు జీను దగ్గర ఎక్కువ. ఎందుకిలా? పిండంలో పైభాగపు పొరలు నాడీ శిఖరం అనే కణజాలం నుంచి, అడుగుభాగపు పొరలు మీసోడెర్మ్ అనే వేరే కణజాలం నుంచి ఏర్పడతాయన్నది బలంగా వినిపించే వివరణ. పొర ఒకటే అయినా పుట్టిల్లు వేరు. ఈ లెక్కన చోటు పేరు గడ్డ వంశాన్ని కూడా కొంత చెబుతోంది.

గ్రేడ్ 1 అన్నంత మాత్రాన అన్నీ ఒకేలా ప్రవర్తించవు. ట్రాఫ్7తో పాటు కేఎల్ఎఫ్4 మారిన ‘సెక్రీటరీ’ (స్రావాలు చేసే) రకం పుర్రె అడుగున కనిపిస్తుంది, కణాలు శాంతంగానే ఉంటాయి. చుట్టూ మెదడు మాత్రం గడ్డ సైజుకు పొంతన లేకుండా వాస్తుంది.

సింప్సన్ కొలబద్ద ఇక్కడ ఎందుకు పొట్టిదవుతుంది

మూడో కొలతను 1957లో డోనాల్డ్ సింప్సన్ ప్రతిపాదించాడు. గడ్డ, అది అంటుకున్న డ్యూరా, చెడిన ఎముక అన్నీ తీసేస్తే గ్రేడ్ 1. గడ్డ మొత్తం తీసి డ్యూరాను కాల్చి వదిలితే 2. డ్యూరాను ఏమీ చేయకపోతే 3. కొంత గడ్డ మిగిలితే 4. ఒత్తిడి తగ్గించడమో, ముక్క తీయడమో మాత్రమే చేస్తే 5. ఆయన రోగుల్లో గడ్డ తిరిగొచ్చిన శాతం మొదటి నాలుగు గ్రేడ్లకు వరసగా 9, 19, 29, 44. ఇక్కడ అంకె పెరిగేకొద్దీ మిగిలింది ఎక్కువ అని అర్థం.

గుమ్మటం మీద ఈ కొలబద్ద చక్కగా పనిచేస్తుంది. అడుగున డ్యూరాను కోయడమంటే కావర్నస్ సైనస్ గోడనో, కంటి నరపు తొడుగునో కోయడమే. అక్కడ గ్రేడ్ 1 కోసం పట్టుబడితే రోగి చూపు పోగొట్టుకోవచ్చు. సింప్సన్ కాలంలో ఎంఆర్ఐ లేదు, సీటీ లేదు, మిగిలిన గడ్డను కనిపెట్టుకుని ఉండే మార్గమూ లేదు. అందుకే ఆయన పట్టికలోని 44 శాతాన్ని నేటి పుర్రె అడుగు రోగికి అలాగే అంటగట్టడం సరికాదు. గడ్డలో ఎక్కువ భాగం తీసి, నరాలను కాపాడి, మిగిలిన దాన్ని గమనించడం ఇప్పుడు పొరపాటు లెక్క కాదు, చాలాసార్లు ముందే వేసుకున్న పథకం.

ఆ మిగిలిన దానికి రేడియో సర్జరీ ఉంది, అంటే కోత లేకుండా రేడియేషన్‌ను గడ్డ మీదికే గురిపెట్టడం. గ్రేడ్ 1 గడ్డలకు ఒకే విడతలో అంచు దగ్గర 12 నుంచి 15 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) ఇస్తారు. ఐదేళ్ల తర్వాత చూస్తే నూటికి తొంభైకి పైగా గడ్డలు పెరగకుండా ఆగుతాయి. గడ్డ మాయమవుతుందని ఆశించకూడదు, ఆగడమే ఇక్కడ ఫలితం. దాదాపు మూడు సెంటీమీటర్లు దాటినా, కంటి నరాన్ని ఆనుకుని ఉన్నా ఈ దారి ఇరుకవుతుంది. ఆ నరం ఒక్కసారికి 8 నుంచి 10 గ్రే మించి తట్టుకోవడం కష్టం. అప్పుడు అదే రేడియేషన్‌ను 28 నుంచి 30 విడతలుగా పంచి 50 నుంచి 54 గ్రే దాకా ఇస్తారు. వేరే కారణంతో తీసిన స్కాన్‌లో అనుకోకుండా బయటపడి, లక్షణాలు లేని చిన్న గడ్డకు ఇవేవీ అవసరం పడకపోవచ్చు. వాటిలో చాలావరకు ఏళ్ల తరబడి కదలవు, ఎంఆర్ఐతో కనిపెట్టుకుని ఉంటే చాలు.

హార్మోన్ల ప్రశ్న

మెనింజియోమా స్త్రీలలో పురుషుల కన్నా రెట్టింపుకు పైగా కనిపిస్తుంది. గర్భం సమయంలో కొన్ని గడ్డలు వేగంగా పెరగడం, చాలా గడ్డల కణాల్లో ప్రొజెస్టెరాన్ అనే స్త్రీ హార్మోన్‌ను అందుకునే గ్రాహకాలు ఉండటం ఎప్పటి నుంచో తెలిసినవే. చిన్నతనంలో తలకు తగిలిన రేడియేషన్ పాత్ర కూడా తేలింది: 1950ల ప్రాంతంలో ఇజ్రాయెల్‌లో తలలో తామరకు ఎక్స్‌రే చికిత్స పొందిన పిల్లల్లో పెద్దయ్యాక మెనింజియోమా ముప్పు తొమ్మిదిన్నర రెట్లు ఉంది.

ఇటీవలి చర్చ మందుల గురించి. 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఫ్రెంచ్ అధ్యయనం, 2009 నుంచి 2018 వరకు మెనింజియోమా ఆపరేషన్ చేయించుకున్న 18,061 మంది స్త్రీల వివరాలను పరిశీలించింది. ఆ హార్మోన్‌ను పోలిన మెడ్రాక్సీప్రొజెస్టెరాన్ ఇంజక్షన్‌ను ఏడాదికి మించి వాడినవారిలో ముప్పు 5.6 రెట్లుగా తేలింది. మూడు నెలలకోసారి వేసే ఈ గర్భనిరోధక ఇంజక్షన్‌నే భారత ప్రభుత్వ కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో 2017 నుంచి ‘అంతర’ పేరుతో ఇస్తున్నారు. తెలుగు కుటుంబాల్లో ఇది తెలిసిన పేరే. ఐదారు రెట్లు అనగానే భయం వేస్తుంది; ఆపరేషన్ దాకా వచ్చే మెనింజియోమా యువతుల్లో మొదటి నుంచీ చాలా అరుదు కనుక, రెట్టించినా మొత్తం సంఖ్య చిన్నదే. వద్దనుకున్న గర్భం వల్ల వచ్చే ముప్పును కూడా తక్కెడలో పెట్టి తూచాలి. ఇప్పటికే మెనింజియోమా ఉన్నవారి విషయం వేరు: వారికి ఈ తరహా మందు ఆపడమే సాధారణ సలహా.

చోటు ప్రశ్న ఇక్కడా తిరిగొస్తుంది. సైప్రోటెరాన్ అనే మరో ప్రొజెస్టోజెన్‌ను (ప్రొజెస్టెరాన్‌లా పనిచేసే మందును) ఎక్కువ మోతాదులో, ఎక్కువ కాలం వాడినవారిలో పుట్టిన గడ్డలు పుర్రె అడుగున, ముఖ్యంగా ముందు, మధ్య మెట్లలో ఎక్కువ. వాటిలో పీఐకే3సీఏ జన్యు మార్పు తరచూ కనిపించింది. 2020లో యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ ఆ మందు వాడకాన్ని బాగా కుదించింది. మందు ఆపేశాక చాలామందిలో గడ్డ ఆగింది, కొందరిలో కుంచించుకుపోయింది, ఆపరేషన్ తప్పింది. అయితే కంటి గది గోడలోకి పాకిన రెక్క గడ్డల్లో ఫ్రెంచ్ వైద్యులకు ఒక వింత కనిపించింది: కొందరిలో మెత్తటి భాగం తగ్గుతూనే ఉంది, ఎముకలోకి దిగిన భాగం మాత్రం పెరుగుతూనే ఉంది.